మగ్గం నుంచి పొయ్యి దాకా

ఇది రాద్దామని కూర్చున్నాక ఇప్పటికి మూడుసార్లు లేచాను. ఒకసారి నీళ్లకు, ఒకసారి పప్పు ఉడికిందో లేదో చూడ్డానికి, మూడోసారి ఎందుకో నాకే తెలియదు. కుదురుగా కూర్చోవడమనేది నాకు మగ్గం మీద తప్ప ఇంకెక్కడా చేతకాదు. ఆ మగ్గమే ఆరు నెలలు నాకు దూరమైంది. ధర్మవరంలో మా వీధివాళ్లు ఎవరు ఎదురైనా ముందు నా కాలు చూస్తారు, తర్వాత ముఖం చూస్తారు, ఆ తర్వాత మొదటి నుంచి చెప్పమంటారు. చెప్పి చెప్పి విసుగొచ్చింది. అందుకే ఒక్కసారి రాసి పెడుతున్నాను. చదివినవాళ్లలో ఒక్కరైనా ఇవాళ తమ అరికాలు తిప్పి చూసుకుంటే నాకు చాలు.

శ్రావణం, ధర్మవరం

మా ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద నేను, ఇంకోదాని మీద నా భార్య పద్మ. కూతురు అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. శ్రావణమంటే పట్టుచీరలకు గిరాకీ కాలం, మాకు ఊపిరాడని కాలం. పొద్దున హోటల్ నుంచి ఉగ్గాని, బజ్జీ. మధ్యాహ్నం కుక్కర్లో అన్నం ఒక్కటి పడేస్తే కూరలు వీధి చివరి కర్రీ పాయింట్ నుంచి ప్లాస్టిక్ కవర్లలో వచ్చేవి. సాయంత్రం పరోటా. మధ్య మధ్యలో గంటకొక టీ, రెండు చెంచాల చక్కెరతో.

శ్రావణం మీద నెపం వేస్తున్నాను గానీ, ఏడాది పొడుగునా మా ఇంట్లో అదే వరస. పద్మ వండనని ఎప్పుడూ అనలేదు. నేనే వద్దనేవాణ్ణి. వంటకు పోయే గంటలో ఒక జాన నేయొచ్చు కదా అనేది నా వాదన. ఇరవై ఏళ్లు ఆ వాదనతోనే ఆమెను పొయ్యి దగ్గర నిలబడనివ్వలేదు. అది ఆమెకు సుఖం చేస్తున్నానని కూడా అనుకున్నాను.

నాకు షుగర్ ఉందని మూడేళ్ల కిందటే తెలుసు. మాత్రలు గుర్తొస్తే వేసుకునేవాణ్ణి. పరీక్షకు వెళ్లే ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకుని, చీటీలో అంకె తగ్గితే పరీక్ష పాసైనట్టు మురిసిపోయేవాణ్ణి. కాళ్లు తిమ్మిరెక్కేవి. మగ్గం కింది గుంతలో కాళ్లు వేలాడేసి పొద్దంతా కూర్చునేవాడికి తిమ్మిరి రాకపోతే వింత అనుకున్నాను. మా వీధిలో అందరికీ తిమ్మిరే.

ఒక మధ్యాహ్నం పద్మ పట్టుపోగు చుట్టిన కండెలు ఇవ్వడానికి నా మగ్గం దగ్గరికొచ్చి, గుంతలోకి చూసి ఆగిపోయింది.

"ఏమయ్యా, ఆ రగతం ఎవురిది?" అంది.

నాదే. కాలి కింద తొక్కే చెక్క ఒకటి అంచున చీలి ఉంది. అది కుడికాలి చిటికెన వేలి పక్కన కోసుకుపోయింది. ఎంతసేపటి నుంచి కారుతోందో నాకు తెలియదు. నొప్పి లేదు. పద్మ పసుపు అద్ది, పాత గుడ్డ చించి చుట్టి, చేతికి అందిన దానితో కట్టింది. మా ఇళ్లలో చేతికి అందేది పట్టుపోగే. సంచి తెగినా, చీపురు ఊడినా, పిల్లల వేలు తెగినా నాలుగు పోగులు కలిపి పేని కట్టేస్తాం. వేరే దారం ఇంట్లో ఉండదు, కొనాలని ఎవరికీ తోచదు.

"గట్టిగా కట్టు. ఊడిపోతే మళ్లా లేయాల" అన్నాను.

ఆమె గట్టిగానే కట్టింది. నేను నాలుగు రోజులు ఆ కట్టు వైపు చూడలేదు. స్నానానికి కాలికి కవరు తొడుక్కున్నాను, తుడుచుకున్నాను, మళ్లీ గుంతలో దిగాను. లోపల కాలు వాస్తోంది. పట్టుపోగు సాగదు, తెగదు. దాని గొప్పతనమంతా అదే కదా, దాన్ని చూపించి మేము చీరలు అమ్ముకుంటాం. వేలు వాచేకొద్దీ అది లోపలికి దిగింది. ఎవరికైనా అంత బిగిస్తే వీధి అదిరేలా అరిచేవాళ్లు. నేను హాయిగా నేసుకున్నాను.

ఐదో రోజు ఇంట్లో వాసన వచ్చింది. గుంతలో ఎలుక చచ్చిందని పద్మ వెతికింది. వెతుకుతూ వెతుకుతూ నా కాలి దగ్గర ఆగింది. కట్టు విప్పడానికి చూస్తే పోగు కనబడలేదు, కండలో మునిగిపోయి ఉంది. వేలు నేరేడుపండు రంగులో ఉంది. పద్మ లేచి వెళ్లి చీర మార్చుకుని వచ్చింది.

భాద్రపదం, హిందూపురం

అనంతపురం మాకు దగ్గరే. కానీ మా వీధిలో ఒకాయన పాదం హిందూపురంలో ఒక డాక్టరమ్మ నిలబెట్టిందని అందరూ అన్నారు. అందుకని రైలెక్కాం. మా అమ్మ పెనుకొండలో మా అన్న దగ్గర ఉంటుంది. ఫోన్లో సంగతి విని, పెనుకొండ స్టేషన్లో క్యారియర్‌తో రైలెక్కింది. ఎక్కీ ఎక్కగానే కాలు చూపించమంది. చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

ఆసుపత్రి వరండాలో బెంచీలు నిండిపోయి ఉన్నాయి. నా పిలుపు రావడానికి మధ్యాహ్నం అవుతుందన్నారు. నేను కూర్చోలేకపోయాను. గోడ పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు కుంటుతూ తిరుగుతున్నాను. చీటీలిచ్చే కిటికీ దగ్గరికి పోయి మళ్లీ మళ్లీ అడుగుతుంటే అక్కడి మనిషి కిటికీ మూసేశాడు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. అది ఎప్పటికి అవుతుంది, ఎవరు నేస్తారు, పట్టు ఇచ్చి నేయించుకునే సావుకారుకు ఏం చెప్పాలి అని తల తిరుగుతోంది. కాలు పోతుందేమో అన్న భయాన్ని చీర గురించిన భయంలో దాచిపెట్టుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది.

బెంచీ చివర కూర్చున్న ఒక పెద్దాయన తన తువ్వాలు మడిచి పక్కన పెట్టి, దాని మీద కాలు పెట్టుకోమన్నాడు. మడకశిర దిక్కు మనిషి, గొర్రెలు కాస్తాడు. అతనికి ఎడమకాలు మోకాలి కింద లేదు. కట్టు మార్పించుకోవడానికి వచ్చాడు.

"ఏమప్పా, యాడ మీది? మగ్గం పనా?" అని అడిగాడు. ఎట్లా తెలిసిందంటే, "చేతులు ఊరికే ఉండల్లే. చూస్తానే ఉండా" అన్నాడు.

నా సంగతి విని తనది చెప్పాడు. "నాకు ముల్లు గుచ్చుకునె. నొప్పి లేదని గొర్రెల ఎనకాలే తిరుగుతాంటి. నొప్పి లేకపోయేదే రోగమంట. ఆ మాట నాకు కాలు పోయినాంక తెలిసె. దుడ్లు పోతే పోనీ. ఆయమ్మ చెప్పినట్ల ఇను. కోసేది ఆయమ్మకు ఒక పూట పని. మాన్పేది నీ ఇంట్లో కూడే."

అప్పుడు ఆ చివరి మాట నాకు ఎక్కలేదు. తన కొర్రన్నం డబ్బాలోంచి మూతలో పెట్టి ఇచ్చాడు, తిన్నాను. ఆ తువ్వాలు వెనక్కి ఇవ్వడం మర్చిపోయాను. ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

డాక్టరమ్మ సన్నటి పటకారుతో పోగును వెతికి బయటికి తీసింది. వెలుతురులో పట్టుకుని చూసింది. అప్పుడు కూడా అది మెరుస్తోంది.

"ఇది ఎవరు కట్టారు?" అని అడిగింది.

పద్మ నా తల దగ్గర నిలబడి ఉంది. ఆమె ఊపిరి ఆగడం నాకు వినబడింది.

"నేనే కట్టుకున్నా మేడం" అన్నాను.

రెండు వేళ్లు తీసేయాలంది. పుండు మానితే పాదం ఉంటుంది, పైకి పాకితే పాదం పోతుంది, షుగర్ దిగకపోతే పుండు మానదు. మూడు ముక్కల్లో చెప్పేసింది. మగ్గం తొక్కేది పాదం. పాదం పోతే నేను మగ్గం పక్కన కూర్చుని ఎవరో నేస్తుంటే చూసేవాణ్ణి అవుతాను. అంతకు మించి నాకేమీ వినబడలేదు.

వేళ్లు తీసేశాక పది రోజులు అక్కడే ఉన్నాం. పద్మ రెండు పూటలా నాకు తినిపించింది, మందులు తెచ్చింది, కట్టు మార్చేటప్పుడు మాత్రం వరండాలోకి వెళ్లిపోయేది. నా ముఖంలోకి చూడలేదు. నేనూ ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో నాకు తెలుసు.

ఆశ్వయుజం, ధర్మవరం

కాలు నేల మీద పెట్టకూడదు. బయటి తిండి తినకూడదు. ఈ రెండు షరతులతో ఇంటికి పంపారు. సావుకారు మంచివాడు, కానీ ఆ చీర పెళ్లికి చెప్పిన చీర, ఎవరో ఒకరు దిగి నేయాలి. పద్మ తన మగ్గం ఆపి నా మగ్గంలో దిగింది. మరి వండేదెవరు?

అమ్మ పెనుకొండ నుంచి మూటతో దిగింది. ఆమెకు మోకాళ్లు వంగవు, నిలబడితే కూర్చోలేదు, కూర్చుంటే నిలబడలేదు. నాకు కాలు కింద పెట్టే వీల్లేదు. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి కూడా అవ్వం. చివరికి గ్యాస్ స్టవ్వును గట్టు మీద నుంచి దించి నేల మీద పెట్టించింది. నేను పీట మీద కూర్చుని, కుడికాలు బారచాపి దిండు మీద పెట్టి, వంట మొదలుపెట్టాను. అమ్మ కుర్చీలో కూర్చుని చెబుతుంది, నేను చేస్తాను. నలభై ఆరేళ్ల వయసులో నాకు ఉల్లిపాయ కోయడం కూడా రాదని ఆ రోజే అందరికీ తెలిసింది.

అమ్మ ప్యాకెట్లు ఒప్పుకోలేదు. రాగులు కొని, కడిగి, ఆరబెట్టి, మరకు పంపింది. మిరపకాయలు, ధనియాలు వేయించి పొడి కొట్టించింది. నూనె గానుగ నుంచి తెప్పించింది. కర్రీ పాయింట్‌కు ఇన్నాళ్లు పోసినదానితో పప్పుల డబ్బాలు నిండిపోయి, ఇంకా మిగులుతుందని పద్మ ఒకసారి అంది. ఆ మాటకు నాకు సంతోషం రాలేదు, కోపం వచ్చింది. ఆకుకూర ఏరి, కడిగి, పప్పులో వేసి, ఎనిపి, తాలింపు పెట్టేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. ఇదంతా చేసి కూర్చుంటే పావుగంటలో తినేస్తారు. చీర అయితే కనీసం మడత పెట్టుకుని చూసుకుంటాం.

సంగటి అన్నిటికంటే నన్ను ఏడిపించింది. ఎసట్లో పిడికెడు నూకలు ఉడికించి, మధ్యలో రాగిపిండి కుప్ప పోసి, మూతపెట్టి, తర్వాత కట్టెతో గెలకాలి. గెలికేటప్పుడు గిన్నెను రెండు పాదాలతో అదిమి పట్టుకోవాలి. నాకు పాదాలు లేవన్నమాట ఆ పనికి. అమ్మ కుర్చీలోంచి వంగి మసిగుడ్డలతో పట్టుకునేది. మొదటి వారం అంతా ఉండలే. పిండి ముద్దలో పిండి ఉండలు. పద్మ నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, మగ్గంలోకి వెళ్లిపోయేది.

రెండో వారానికి కుదిరింది. కుదిరాక నాకు పొగరొచ్చింది. రాగులు షుగర్‌కు మందు అని వీధంతా అంటుంది, అమ్మా అంటుంది. పూటకు మూడు ముద్దలు తిన్నాను, వేరుశనగ ఊరిబిండి నంజుకుని. అన్నం ముట్టలేదు, చక్కెర ముట్టలేదు, టీ మానేశాను. ఇంత కష్టపడి స్వయంగా వండుకుని తిన్నది వంటికి పట్టక ఎక్కడికి పోతుంది అని ధైర్యంగా ఉన్నాను. ఈసారి పరీక్ష ముందు కడుపు మాడ్చుకోలేదు కూడా.

కార్తీకం, మళ్లీ హిందూపురం

అంకె దిగలేదు. ముందుకంటే ఎక్కింది. కట్టు విప్పితే పుండు అంచులు కలవలేదు, ఒక మూల మెత్తగా ఉంది. డాక్టరమ్మ ఆ మూలను వేలితో ఒత్తి చూస్తూ, ఏం తింటున్నారని అడిగింది. నేను గొప్పగా చెప్పాను.

"ముద్ద ఎంత ఉంటుంది?" అంది.

అమ్మ రెండు చేతులూ దోసిలి పట్టి చూపించింది. డాక్టరమ్మ అట్లాంటివి పూటకు మూడా అని మళ్లీ అడిగింది. రాగి అయినా బియ్యమైనా గింజే కదా, అంత తింటే ఏ గింజైనా ఒకటే అంది. ఒక నెల చూస్తాను, ఆ మూల మానకపోతే పాదం సంగతి మాట్లాడదాం అంది.

తిరుగు రైల్లో అమ్మ తల ఎత్తలేదు. పెనుకొండ దగ్గర పడుతుంటే మెల్లగా అంది.

"మీ నాయనకు పెట్టిన కొలత పెడితి నాయనా. ఆయప్ప ఒక పూట మగ్గం, ఒక పూట సేను. మూడు ముద్దలు తిని మడక దున్నతాండె. నువ్వు కూచున్నోడివి. నాకు ఆ మాట తెలియకపాయె."

నేను కిటికీ చువ్వలు పట్టుకుని, ధర్మవరం వచ్చేదాకా నిలబడే ఉన్నాను, ఒంటికాలి మీద. పద్మ కూర్చోమని మూడుసార్లు అంది.

ఆ తర్వాత ఒక ముద్ద, బత్తాయంత. మిగతా పళ్లెమంతా ఆకుకూర, పప్పు, ఉలవల గుగ్గిళ్లు, సొరకాయ, బీరకాయ. నాకు ఆకలి. ఎంత తిన్నా ఆకలి. ఆకలితో పాటు ఇంకో బాధ ఉంది, ఎవరికీ చెప్పలేదు. నేను వంటగదిలో, పద్మ పక్క గదిలో నా మగ్గం మీద. చప్పుడు వినబడుతూనే ఉంటుంది. నా చప్పుడు కాదది. పద్మ రెండు పోగులకొకసారి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం నా పళ్ల మీద పడేది. నేను పీట మీద నుంచి అరిచేవాణ్ణి, గట్టిగా కొట్టు అని, ఆగొద్దని, అంచు చూసుకోమని. ఆమె అక్కడి నుంచి తాలింపు మాడుతోందని అరిచేది. అమ్మ మధ్యలో కుర్చీలో కూర్చుని ఇటూ అటూ చూసేది.

ఒక రోజు చప్పుడు ఆగిపోయింది. పద్మ వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నీ మగ్గం నీ మగ్గం అంటాండావే, ఇరవై ఏండ్లు నా పొయ్యి ఆర్పిందెవరు? వండుతానంటే వద్దంటివి. ఇప్పుడు నువ్వే ఆ పొయ్యి కాడ కూచుండావు" అంది. గొంతు పెంచలేదు. "దినామూ ఆ పట్టు పట్టుకోవాలంటే నాకు చేతులు వణుకుతాండాయి. అందుకే ఆగుతాండా. ఆ పోగు నేను కట్టింది. నువ్వు కట్టుకున్నా అని ఆయమ్మకు చెప్తివి. నాకు చెప్పలేవు గదా."

అమ్మకు ఆ విషయం అప్పటిదాకా తెలియదు. ఆమె పద్మ వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. నాకు అరవాలనిపించింది, ఏడవాలనిపించింది. రెండూ చేయలేక, పప్పు గిన్నెలో గరిటె తిప్పుతూ కూర్చున్నాను.

"గట్టిగా కట్టమన్నది నేను. నాలుగు దినాలు చూడంది నేను. నీ చేతిది ఏం లేదు" అన్నాను.

పద్మ నేల మీద కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. అమ్మ పళ్లెం జరిపి, ముందు దానికి పెట్టు అంది. పెట్టాను. ఇన్నేళ్లలో ఆమెకు నేను వడ్డించడం అదే మొదలు, వేళకు నాకంటే ముందు ఆమె తినడమూ అదే మొదలు. ఆ రోజు నుంచి నేను మగ్గం వైపు అరవలేదు. అరవకుండా ఉండడానికి కష్టపడ్డాను, అది వేరే సంగతి.

మార్గశిరం, పుష్యం

చలికాలం అనపకాయలు వచ్చాయి. అమ్మ రోజూ గంపెడు తెప్పించేది. గింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజనూ వేళ్లతో నొక్కితే తోలు ఊడి పప్పు బయటికి వస్తుంది. మా వైపు దాన్ని పితికిపప్పు అంటారు. ఓపిక లేనివాళ్ల పని కాదు. నాకు ఓపిక లేదు గానీ వేళ్లున్నాయి, ఎన్నో ఏళ్లుగా పోగులు ఏరిన వేళ్లు. నేను పితకడం చూసి అమ్మ ఆశ్చర్యపోయింది. చేతులకు పని దొరికాక తల కొంచెం నెమ్మదించింది. రోజులో ఆ ఒక్క గంట నేను లేవకుండా కూర్చునేవాణ్ణి.

కర్రీ పాయింట్ నడిపే అతను ఒకరోజు ఇంటికే వచ్చాడు. అన్నా, మా మీద ఏమైనా కోపమా, నాలుగు నెలలుగా కవరు తీసుకుపోలేదే అన్నాడు. కూర్చోబెట్టి పితికిపప్పు కూర పెట్టాను. తిని, బాగుంది గానీ ఉప్పు లేదన్నాడు. ఉప్పు ఉంది, నీ నాలుక వేరే ఉప్పుకు అలవాటు పడింది అన్నాను. అతను నవ్వాడు, రెండోసారి పెట్టించుకున్నాడు. అతని మీద నాకు కోపం లేదు. కవర్లు తెచ్చుకున్నది మేమే.

నెల తర్వాత హిందూపురం పోయినప్పుడు నేను వరండాలో మళ్లీ తిరిగాను, ఈసారి చేతికర్రతో. పేరు పిలిచారు, లోపలికి పోయాం. మెత్తగా ఉన్న ఆ మూల గట్టిపడింది. అంకె దిగింది. డాక్టరమ్మ అంకె కంటే ముందు అమ్మను చూసి, ముద్ద ఎంతని అడిగింది. అమ్మ పిడికిలి చూపించింది. నేను బయటికి వచ్చి, ఆ గొర్రెల పెద్దాయన కనబడతాడేమోనని బెంచీలన్నీ వెతికాను. కనబడలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా కనబడలేదు.

మాఘం, ధర్మవరం

పుండు మానింది. డాక్టరమ్మ అరికాలి మీద సూదిమొనతో తాకుతూ తెలుస్తోందా అని అడిగింది. తెలియలేదు. అది ఇక రాదంది. మగ్గంలో కూర్చోవచ్చు, కానీ ఉత్తకాలు పెట్టకూడదు, లోపల మెత్తగా ఉండి వేళ్లు మూసే చెప్పులు వేసుకునే తొక్కాలి అని చీటీ రాసింది. ఇంకోసారి కోసుకుంటే మీకు తెలియదు, ఈసారి పాదమే అంది.

ఆ చీటీ తీసుకుని ఇంటికొచ్చాక మూడు రోజులు నాకు అదే ఆలోచన. మగ్గంలోకి చెప్పులతో దిగడమనేది మా ఇళ్లలో లేదు. గుంత అంటే మాకు గుంత కాదు. పొద్దున దిగే ముందు చేత్తో తాకి కళ్లకద్దుకుంటాం. పిల్లవాడిగా ఉన్నప్పుడు నేను ఒకసారి చెప్పులతో దిగితే అమ్మ వీపు పగలగొట్టి, గుంతంతా కడిగి పసుపునీళ్లు చల్లింది. కాళ్లకు గుడ్డలు చుట్టుకుని చూశాను, చెక్క మీద జారింది. మేజోళ్లు వేసుకుని చూశాను, అవీ జారాయి. పద్మ మాత్రం, నాకేం పట్టింపు లేదు, వేసుకో అంది. అమ్మ మర్నాడు పొద్దున్నే పెనుకొండ పోతానని రైలెక్కింది.

అమ్మకు కష్టం కలిగిందని, అందుకే పోయిందని అనుకున్నాను. నాకు రోషం వచ్చింది. మగ్గం అమ్మేద్దాం, రెండోది పద్మ నేస్తుంది, నేను కండెలు చుట్టి వంట చేసుకుంటాను అన్నాను. పద్మ నా వైపు చూడకుండా, అమ్మితే నువ్వు బతకవు అంది. ఇంట్లో ఆ గది నుంచి ఈ గదికి తిరిగాను. గుంత దగ్గర ఆగి, వంగి చూసి, మళ్లీ తిరిగాను. వంట చేశాను, ఉప్పు వేయడం మర్చిపోయాను.

నాలుగో రోజు పొద్దున అమ్మ ఆటో దిగింది. చేతిలో సంచి. పెనుకొండలో ఆగలేదట, హిందూపురం పోయిందట. పద్మ ఫోన్లో చదివి చెప్పిన చీటీ మాటలు ఎవరితోనో రాయించుకుని, వెంట తీసుకుపోయిన నా పాత చెప్పు కొలతకు చూసుకుని, డాక్టరమ్మ చెప్పిన దుకాణంలో కొనుక్కొచ్చింది. మెత్తటి నల్లచెప్పులు, వేళ్లు మూసేవి. నాకు చూపించలేదు. స్నానం చేసి వచ్చి, వాటిని కొత్త పీట మీద పెట్టి, పసుపు రాసి, కుంకుమ పెట్టింది. పోగును అటూ ఇటూ మోసే నాడె కొత్తది వచ్చినప్పుడు ఎట్లా చేస్తామో అట్లా కర్పూరం వెలిగించింది. పద్మ మగ్గం ఆపి చూస్తోంది.

అమ్మ నన్ను మగ్గం మీద కూర్చోమంది. కూర్చున్నాను. ఆమె మోకాళ్లు వంగవు. గోడ పట్టుకుని, పద్మ భుజం పట్టుకుని, అబ్బా అనుకుంటూ గుంత అంచున కూలబడింది. నేను వద్దు అంటుండగానే నా కుడికాలు తన ఒడిలోకి తీసుకుంది. వేళ్లు లేని చోట చేయి పెట్టి తడిమింది. తర్వాత చెప్పు తొడిగింది.

"ఇవి ఈది తొక్కలేదు. తొక్కవు కూడా. మగ్గానికి నాడె ఎట్లనో, నీకు ఇవి అట్ల" అంది.

నేను తొక్కాను. కాలికి ఏమీ తెలియలేదు. కానీ చెక్క దిగింది, పోగులు విడిపోయాయి, నాడె అవతలికి పోయింది. కళ్లకు నీళ్లు అడ్డం వచ్చి అంచు కనబడలేదు, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. పద్మ తన కొంగు తెచ్చి తుడిచింది.

అమ్మ గుంత అంచునే కూర్చుని చూస్తోంది. కాసేపటికి, "ఒక జాన నేసి లేయి నాయనా" అంది. "పద్మ కూచుంటాది. నువ్వు పోయి పొయ్యి ఎలిగించు. ఈ పొద్దు నీ చేతి కూడు తినే నేను రైలెక్కేది."

ఒక జాన నేశాను. చెప్పులు అక్కడే విడిచి, లేచి వంటగదిలోకి వెళ్లాను.